పూతలో గుర్తు పెట్టండి, ఆకు ఎండాక తవ్వండి: దుంప పూల మొక్కల మార్పిడి

ప్రశ్న: ఇంటి తోటలున్న మేం కొందరం వేసవి చివర పూసే దుంప పూల మొక్కలను ఒకరికొకరం ఇచ్చిపుచ్చుకుంటాం. గత ఏడాది ఎర్ర స్పైడర్ లిల్లీని పూతలో ఉండగా తవ్వి తెచ్చి కుండీలో పెట్టాను. ఆకులు వచ్చాయి గానీ ఈ ఏడు ఒక్క పూకాడ కూడా లేవలేదు. తెల్ల రెయిన్ లిల్లీ దుంపలు పార్శిల్‌లో చేరేసరికి ముడుచుకుపోయాయి. లిల్లీ (నేల సంపెంగ) దుంపలు బాగానే నాటుకున్నా కంకి వంకర తిరిగి, మొగ్గలు గోధుమరంగుకు మారి విచ్చుకోవడం లేదు. దుంపలు ఎప్పుడు తవ్వాలి? ఎలా పంపాలి? వచ్చినవాటిని ఎలా నాటుకోవాలి?

జవాబు: మీ మూడు సమస్యలకూ కారణాలు వేర్వేరు. ముందుగా స్పైడర్ లిల్లీ సంగతి చూద్దాం. ఎక్కువమంది పొరపడేది అక్కడే.

ఎర్ర స్పైడర్ లిల్లీ (లైకోరిస్ రేడియేటా) ఆకు లేకుండా పూస్తుంది. పూత ముగిశాక ఆకు వస్తుంది. చలికాలమంతా పచ్చగా ఉండి వసంతం చివర ఎండిపోతుంది. వేసవిలో నేల మీద ఏమీ కనిపించదు కాబట్టి దుంప నిద్రపోతోందనుకుంటాం. కానీ ఆకు ఎండే రోజుల్లోనే లోపల పూమొగ్గ మొదలై వేసవంతా పెరుగుతూ ఉంటుంది. వేళ్లు కూడా ఆకుతో పాటు చచ్చిపోవు. మీరు తవ్విన సమయంలో దుంప తన నిల్వను పూతకు ఖర్చు చేసేసి, కొత్త ఆకు తీయడానికి సిద్ధంగా ఉంది. సరిగ్గా అప్పుడే వేళ్లు తెగాయి. ఆకు సన్నగా, తక్కువగా వచ్చింది. దుంపలో ఆహారం చేరలేదు. మొగ్గ ఏర్పడలేదు, లేదా ఏర్పడి లోపలే ఎండిపోయింది. దుంప గట్టిగా ఉంటే చింత అక్కర్లేదు. మళ్లీ తవ్వి చూడొద్దు, కుండీ మార్చొద్దు. చోటు మారిన ఈ మొక్క ఒకటి రెండేళ్లు పూయకపోవడం మామూలే. ఏటా కదిలిస్తే మాత్రం ఎప్పటికీ పూయదు.

దీన్ని తవ్వడానికి సరైన అదను, ఆకు పూర్తిగా పసుపుబారి పడిపోయిన తర్వాత రెండు మూడు వారాలు. ఇంకా ఆలస్యమైతే లోపలి మొగ్గ సాగి, తవ్వేటప్పుడు దెబ్బతింటుంది. కుదురుకు జానెడు దూరంలో గుచ్చి, అడుగు లోతు నుంచి మట్టిగడ్డతో సహా పైకి లేపాలి. ఉల్లిగడ్డను పీకినట్లు ఆకుల మోడు పట్టి లాగితే వేళ్లన్నీ నేలలోనే ఉండిపోతాయి. వేళ్లు ఎన్ని మిగిలితే పూత అంత త్వరగా వస్తుంది.

ఇందులో ఒక చిక్కుంది. తవ్వే అదనులో పువ్వూ ఉండదు, ఆకూ ఉండదు. రంగేమిటో తెలియదు, జబ్బుందో లేదో అసలే తెలియదు. అందుకే మార్పిడిని ఒక్క రోజు పనిగా పెట్టుకోవద్దు. పూతలో ఉండగా నచ్చిన కుదురు పక్కన పుల్ల గుచ్చి రంగు రాయించండి. ఆకు నిండుగా ఉన్న రోజుల్లో అదే కుదురును మళ్లీ చూడండి, దూరమైతే ఎండకు ఎదురుగా పట్టిన ఆకు ఫొటో అడగండి. ఆకు ఎండాక తవ్వించుకోండి.

ఆకులో చూడాల్సింది మొజాయిక్ వైరస్ లక్షణం. లేత పసుపు, ముదురు ఆకుపచ్చ చారలు ఆకు పొడవునా తెగుతూ, ఒక క్రమం లేకుండా ఉంటాయి. ఆకు మెలిపడవచ్చు, పూరేకులపైనా రంగు విరిగిన గీతలు రావచ్చు. ఎరువు లోపమైతే కుదురంతా దాదాపు ఒకేలా పాలిపోతుంది. వైరస్ అయితే ఒక ఆకుకూ ఇంకో ఆకుకూ పొంతన ఉండదు. వైరస్‌కు మందు లేదు. ఆ దుంపకు పుట్టే ప్రతి పిల్ల దుంపలోనూ అదే వైరస్ ఉంటుంది, పేనుబంక దాన్ని పక్క మొక్కలకు చేరుస్తుంది. ఎంత అరుదైన రంగైనా అలాంటి కుదురును తీసి కాల్చేయడమే నయం. దాన్ని ఇంకొకరికి ఇవ్వడం ఎంతమాత్రం సరికాదు.

పిల్ల దుంపలు విడదీసే కత్తితో కూడా వైరస్ సోకుతుంది. స్పిరిట్‌తో తుడిస్తే చాలనుకుంటారు, కానీ వైరస్‌ల విషయంలో దాన్ని నమ్ముకోలేం. లీటరు నీటిలో 100 గ్రాముల ట్రైసోడియం ఫాస్ఫేట్ కరిగించి, ఒక కుదురు ముగిశాక కత్తిని కొన్ని నిమిషాలు అందులో ముంచి, కడిగి, తర్వాతి కుదురు మొదలుపెట్టండి. రెండు కత్తులుంటే ఒకటి నానుతుండగా రెండోదానితో పని సాగుతుంది. ఈ ద్రావణం చర్మాన్ని మండిస్తుంది, గ్లౌజులు వేసుకోండి. చేత్తోనే విడిపోయే పిల్లలకు కత్తి పెట్టకపోవడం ఇంకా మంచిది.

ఇక మీ రెయిన్ లిల్లీ. తెల్లగా పూసే జెఫిరాంథిస్ క్యాండిడా ఏడాది పొడవునా ఆకుతో ఉండే మొక్క, తేమను ఇష్టపడుతుంది. నిద్రపోయే దుంపల్లా దీన్ని ఆరబెట్టి కాగితం సంచిలో పంపితే మీకు వచ్చినట్టే వస్తుంది. తెల్ల స్పైడర్ లిల్లీ (హైమెనోకాలిస్), క్రైనమ్ కూడా ఆరబెట్టకూడనివే. పేరు ఒకటేనని ఎర్ర స్పైడర్ లిల్లీతో కలిపి ఆరబెట్టొద్దు. వీటికి ఆకును మూడో వంతుకు కత్తిరించి, వేళ్ల చుట్టూ నీరు పిండేసిన తడి కాగితం చుట్టి, రంధ్రాలున్న కవరులో పెట్టి వారం లోపు చేరేలా పంపాలి. తడి కాగితం దుంప మెడను, అంటే ఆకులు మొలిచే పైభాగాన్ని తాకకూడదు, తాకితే అక్కడి నుంచే కుళ్లు మొదలవుతుంది. మీ దగ్గర ముడుచుకున్నవాటిని పారేయొద్దు. బొటనవేలితో అడుగుభాగం, అంటే వేళ్లు పుట్టేచోటు నొక్కి చూడండి. గట్టిగా ఉంటే ఎండిన వేళ్లు తీసేసి, చెమ్మగా ఉన్న కొబ్బరి పొట్టులో నీడన ఉంచండి, కొత్త వేళ్లు వస్తాయి. గంటల తరబడి నీళ్లలో నానబెట్టొద్దు. మెత్తబడి వాసన వచ్చేవి మాత్రం పనికిరావు.

లైకోరిస్, నేల సంపెంగ, గ్లాడియోలస్ వంటి వాటిని మట్టి దులిపి, గాలి ఆడే నీడలో నాలుగైదు రోజులు ఆరనిచ్చి, పొడి కొబ్బరి పొట్టుతో కాగితం సంచిలో పంపాలి. లైకోరిస్ వేళ్లు వడలిపోయేదాకా ఆరబెట్టొద్దు, కోతలు ఆరితే చాలు. ప్లాస్టిక్ కవరు వద్దు, లోపల చెమ్మ పట్టి బూజు వస్తుంది. మట్టిని పూర్తిగా వదిలించడం శుభ్రత కోసమే కాదు. నులిపురుగులు (మొక్కలను ఆశించే, కంటికి ఆననంత సన్నని పురుగులు), తుంగ గడ్డలు ఆ మట్టిలోనే ప్రయాణం చేస్తాయి. చిన్న తుంగ గడ్డ రెయిన్ లిల్లీ పిల్లల మధ్య కలిసిపోతే గుర్తుపట్టడం కష్టం, తోటలో పడితే వదిలించడం అంతకంటే కష్టం. చీటీ పెన్సిల్‌తో రాయండి, చెమ్మ తగిలితే సిరా చెదిరిపోతుంది. పేరు, రంగు, తవ్విన తేదీ, మందులో ముంచారా లేదా అన్నవి రాస్తే చాలు.

దేశం దాటించాలంటే మాత్రం ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (మొక్కకు చీడపీడలు లేవనే అధికారిక పత్రం), దిగుమతి నిబంధనలు చూసుకోకుండా పంపొద్దు. పూత కాలం దగ్గరగా ఉండే స్టెర్న్‌బెర్జియా, సైక్లమెన్ జాతులు సైటిస్ (అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉన్నాయి, వాటికి అదనంగా పర్మిట్ కావాలి.

మీ నేల సంపెంగ లక్షణాలు చూస్తే ఆకు, పూ నులిపురుగు (అఫెలెంకాయిడిస్ బెస్సేయి) అని గట్టిగా అనుమానించాలి. వరిలో తెల్ల మొన తెగులు తెచ్చేది కూడా ఇదే. కంకి గరుకుబారి, వంకర తిరిగి, పెళుసవుతుంది. మొగ్గలపై తుప్పురంగు చారలు వచ్చి అక్కడే ఎండిపోతాయి. తామర పురుగు తిన్నా మొగ్గలు వికారమవుతాయి, కానీ అప్పుడు వెండిలా మెరిసే గీతలు, నల్లని చుక్కల్లాంటి మలం కనిపిస్తాయి. తెల్ల కాగితంపై కంకి దులిపితే పురుగులు రాలతాయి. అవేవీ లేకపోతే నులిపురుగేనని భావించి జాగ్రత్తపడండి, వీలైతే ల్యాబ్‌లో చూపించండి. ఈ నులిపురుగు ఎండిన పూలలో ముడుచుకుని నెలల తరబడి బతుకుతుంది, తడి తగలగానే కదులుతుంది. కాబట్టి జబ్బు కంకులను కంపోస్టులో వేయకుండా కాల్చండి, మొక్కల పైనుంచి నీళ్లు పోయడం మానండి. ఆ కుదురు దుంపలు ఎవరికీ ఇవ్వొద్దు. మీకు ఇచ్చినవారికి తప్పక చెప్పండి, వారి తోటలోనూ ఉండి ఉంటుంది.

నేల సంపెంగలో ఇంకో సంగతి. ఒకసారి పూసిన తల్లి దుంప మళ్లీ పూయదు, చుట్టూ వచ్చే పిల్లలే తర్వాత పూస్తాయి. పెద్దగా ఉందని పూసిన తల్లిని తీసుకుంటే నిరాశే. 2 సెంటీమీటర్లు, అంతకు మించి మందమున్న పూయని పిల్లలను ఎంచుకోండి.

కొత్తగా వచ్చిన ఏ దుంపనైనా ఎండిన పై పొర ఒలిచి చూడండి. పొరల మధ్య పిండినల్లి ఉంటే స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవండి. తర్వాత లీటరు నీటికి 3 గ్రాముల మాంకోజెబ్ (బూజు, కుళ్లు తెగుళ్ల మందు) కలిపి, అందులో అరగంట ఉంచి, నీడన ఆరబెట్టి నాటండి. ట్రైకోడెర్మా (తెగుళ్లను అణిచే మేలు చేసే శిలీంద్రం) వాడదలిస్తే ఈ మందు వద్దు, రెండూ కలిస్తే ట్రైకోడెర్మా దెబ్బతినవచ్చు. మొదటి ఏడాది కొత్తవాటిని పాత మొక్కలకు దూరంగా, విడి కుండీల్లోనే ఉంచండి. ఒక ఆకు కాలం గడిస్తేనే వైరస్ ఉందో లేదో తెలుస్తుంది.

నీరు నిలవని మట్టి ఉండాలి: రెండు పాళ్లు తోట మట్టి, ఒక పాలు ముతక ఇసుక, ఒక పాలు బాగా చివికిన ఎరువు. పచ్చి పేడ వేస్తే దుంప అడుగు కుళ్లుతుంది. లైకోరిస్ మెడ నేలమట్టానికి రావాలి, గడ్డకట్టే చలి ఉన్నచోట మాత్రం ఇంకాస్త లోతు. క్రైనమ్, బెల్లడోన్నా లిల్లీ మెడలు నేల పైకి కనిపించాలి. రెయిన్ లిల్లీకి 3 నుంచి 5 సెంటీమీటర్లు, నేల సంపెంగకు 5 సెంటీమీటర్ల లోతు సరిపోతుంది. ఎరువు ఆకు ఉన్న రోజుల్లోనే ఇవ్వాలి, అదీ నత్రజని తక్కువగా, పొటాష్ ఎక్కువగా. పూత అయ్యాక వచ్చిన ఆకును చూడ్డానికి బాగోలేదని కోసేయకండి, వచ్చే ఏటి పువ్వు దానిలోంచే రావాలి. నలుపు, తెలుపు మచ్చల లిల్లీ గొంగళి పురుగు ఆకు తిని దుంపలోకి దిగుతుంది. ఆకు అడుగున గుంపుగా పెట్టిన గుడ్లను వారానికి రెండుసార్లు చూసి నలిపేస్తే మందు కొట్టే అవసరమే రాకపోవచ్చు.

రెయిన్ లిల్లీని దుంపగా కంటే గింజగా మార్చుకోవడం మంచిదని నా సలహా. చాలా వైరస్‌లు గింజ ద్వారా రావు, మట్టి ప్రయాణం చేయదు, పార్శిల్‌లో ముడుచుకునే బెడద ఉండదు. కాయ మూడు పాయలుగా పగలగానే నల్లని పలచటి గింజలు తీసి, కొన్ని వారాల్లోపే విత్తాలి, నిల్వ ఉంచితే మొలక తగ్గిపోతుంది. చెమ్మగా ఉన్న ఇసుక, కొబ్బరి పొట్టు మిశ్రమంపై చల్లి, పైన గోరు మందం మించకుండా కప్పితే ఒకటి నుంచి మూడు వారాల్లో మొలుస్తాయి. సాధారణంగా ఒకటి రెండేళ్లలో పూస్తాయి. సంకర రకాలైతే తల్లి రంగే వస్తుందని మాట ఇవ్వొద్దు, చీటీపై "గింజ మొక్క" అని రాసి ఇవ్వండి. క్రైనమ్ గింజలు ఇందుకు పూర్తిగా వేరు. అవి గుజ్జుగా ఉంటాయి, ఎండబెడితే చస్తాయి. కోసిన కొద్ది రోజుల్లోనే మట్టిపై సగం కనిపించేలా పెట్టాలి.