ముందు దిద్దాల్సిన కాగితాలు లెక్కేయండి

ప్రశ్న: మా డిగ్రీ కాలేజీలో వచ్చే సెమిస్టర్ నుంచి తెలుగు రచన మీద ఒక కోర్సు పెడుతున్నారు. సిలబస్ నన్నే తయారుచేయమన్నారు. 15 వారాలు, తరగతిలో 60 మంది. వ్యాసం, లేఖ, కథ, అనువాదం, వార్తా రచన అని అయిదు యూనిట్లు రాసుకున్నాను. పిల్లలు గైడ్లు చూసి దించేస్తారేమోనని భయంగా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక అధ్యాపకురాలు, గుంటూరు

జవాబు: అమ్మా, విజయవాడలో మొదటిసారి ఈ పాఠం చెప్పినప్పుడు నేనూ అచ్చం మీలాగే అయిదు యూనిట్లు వేసుకున్నాను. సెమిస్టర్ అయ్యేసరికి పిల్లలకు వ్యాస లక్షణాలు నోటికొచ్చాయి, వ్యాసం రాయడం మాత్రం రాలేదు.

యూనిట్ల సంగతి తర్వాత. ముందు దిద్దాల్సిన కాగితాలు లెక్కేయండి. వారానికో రచన అంటే 900 కాగితాలు. ఒక్కోదానికి అయిదు నిమిషాలనుకున్నా 75 గంటలు. మూడో వారానికే టిక్కు కొట్టి పంపేస్తారు, అది పిల్లలు ఇట్టే పసిగడతారు. బదులుగా నాలుగే రచనలు పెట్టి, ఒక్కోటీ రెండుసార్లు రాయించండి. 480 కాగితాలు, 40 గంటలు. మార్కులు రెండో రాతకే. మొదటిదాని మీద ఒక్క ప్రశ్న రాసి తిరిగిచ్చేయండి.

ఆ ఒక్క ప్రశ్న ఎంత పని చేస్తుందో చూడండి. మీ ఊరి నుంచి రోజూ రైల్లో వచ్చే అమ్మాయి ఉండేది. తండ్రి మిర్చి యార్డులో హమాలీ. ‘గుంటూరు మిర్చి యార్డు మిక్కిలి ప్రసిద్ధి గాంచినది’ అని మొదలుపెట్టింది. ‘మీ నాన్న ఇంటికి రాగానే ఏం చేస్తారు?’ అని కింద రాసిచ్చాను. రెండోసారి ఏం రాసిందంటే, టిక్కీలు, అదే మిర్చి బస్తాలు, మోసొచ్చిన నాన్న ఎంత సబ్బేసి కడిగినా వేళ్ళకు ఘాటు పోదట. కళ్ళలోకి చెమట దిగితే భుజానికేసి రుద్దుకుంటాడట. చంటి తమ్ముడు చేతులు చాపినా ఎత్తుకోడట, పక్కన కూచుని కబుర్లు చెప్తాడట. ఆ కాగితం తరగతిలో చదువుతుంటే నా గొంతు పూడుకుపోయింది. ఇది ఏ గైడులో దొరుకుతుంది?

బళ్ళో పిల్లల రాతల్లో వాడుక భాష ఉండాలని గిడుగు రామమూర్తి గారు వందేళ్ళ కిందటే పోరాడారు. మన పిల్లలు మాత్రం ఇప్పటికీ ఇంటి మాటను గేటు బయటే వదిలేసి లోపలికొస్తున్నారు.

కథ, అనువాదం తీసేయండి. వాటికి వేరే కోర్సు కావాలి. లేఖ ఉంచండి, అయితే నిజంగా పోస్టు చేసే ఉత్తరమై ఉండాలి, వీధి కాలవ గురించి మునిసిపల్ కమిషనర్‌కి రాసే అర్జీలాంటిది. వార్తా రచనకు మా వాళ్ళని లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లకు పంపేవాణ్ణి, పుస్తకానికి ధర ఎలా కడతారో అడిగి రాసుకురమ్మని. మీకు బ్రాడీపేట సందులున్నాయి.

సిలబస్‌ను ఆమోదించే బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో అయిదు యూనిట్లు ఉండాల్సిందేనంటే, ఖాళీ అయినవాటిలో ఒకదానికి ‘తిరగరాయడం’ అని పేరు పెట్టండి. దానికెన్ని గంటలో అంకె వేసి మరీ రాయండి. అంకె లేకపోతే ఆ గంటలు ఇంకో పాఠానికి పోతాయి.