నీళ్లు వదలని పెరుగు డిప్

చి. అమ్మలుకి పెద్దమ్మ ఆశీస్సులు.

ఆదివారం మీ అపార్టుమెంటులో పుట్టినరోజుకి పాతికమంది పిల్లలకి కూరగాయ ముక్కలూ, వాటిని ముంచుకు తినే డిప్పూ, శాండ్‌విచ్‌లూ నువ్వే చేసిపెడతానన్నావట. మీ అమ్మ ఫోన్లో చెబుతుంటే భలే సంబరమనిపించింది. ఫోన్ పెట్టేశాక గుబులు పట్టుకుంది. మే నెల ఎండలు, పెరుగు సరుకు, పసిపిల్లల కడుపులు. అందుకే రాస్తున్నాను, విసుక్కోకుండా చదువు.

ఎవరు అడిగినా సరే, పచ్చిగుడ్డు మయోనైజ్ జోలికి వెళ్లకు. తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు చివర్లో దాన్ని ఏడాదిపాటు నిషేధించింది ఊరికే కాదు. పచ్చిగుడ్డులో సాల్మొనెల్లా అనే రోగక్రిమి ఉందంటే, పొయ్యి మీద పెట్టని ఆ సాసులో అది చావదు. పైగా అందులో ముప్పావు వంతు నూనే. వడకట్టిన పెరుగుతో అంత చిక్కదనమూ వస్తుంది, కాస్త మాంసకృత్తులూ ఒంటికి పడతాయి.

పాలు 3 లీటర్లు, ఫుల్‌క్రీమ్‌వి. ప్యాకెట్ మీద కొవ్వు 6 శాతం అని ఉండాలి. టోన్డ్ పాలలో 3 శాతమే ఉంటుంది, దానితో చేస్తే వడకట్టాక నాలుక మీద పిండిపిండిగా తగులుతుంది. శనివారం పొద్దున్నే తోడు పెట్టు. ఈ ఎండలకి నాలుగైదు గంటల్లో తోడుకుంటుంది. తోడుకున్న వెంటనే ఫ్రిజ్‌లోకి పోవాలి, సాయంత్రం దాకా గట్టు మీదే ఉంచావంటే పులుపెక్కుతుంది. ఆ పులుపు తగ్గించాలని పంచదార వేస్తావేమో, వద్దు.

మూట కట్టేది శనివారం రాత్రి. ఉతికిన మల్లుగుడ్డను సబ్బు వాసన లేకుండా వేడినీళ్లలో మరగబెట్టి పిండు. జల్లెడలో పరిచి, కింద గిన్నె పెట్టి, పెరుగు పోసి, మూతేసి ఫ్రిజ్‌లో ఉంచు. సింకు కుళాయికి వేలాడదీసే పద్ధతి వేసవిలో పనికిరాదు, తెల్లారేసరికి పుల్లటి వాసన కొడుతుంది. ఏడెనిమిది గంటలకి కాస్త అటూఇటూగా 1,200 గ్రాముల ముద్ద మిగులుతుంది. మరీ గట్టిపడి పన్నీరులా విరుగుతుంటే కంగారుపడకు, కింద గిన్నెలోని నీళ్లే రెండు చెంచాలు కలిపితే సర్దుకుంటుంది.

ఇక అసలు సంగతి. పోయిన సంక్రాంతికి నువ్వు చేసిన డిప్ గుర్తుందా? రాత్రి పదింటికి ఎంత బావుందో! కీరా తురిమి, ఉప్పేసి, కొత్తిమీర చల్లి, అన్నీ కలిపేసి ఫ్రిజ్‌లో పెట్టావు. పొద్దున్న మూత తీస్తే పైన వేలెడు లోతున నీళ్లు. కీరాలో నూటికి తొంభై అయిదు పాళ్లు నీరే. ఉప్పు తగిలితే ఆ నీరు బయటికి లాక్కొస్తుంది, ఒక్కసారిగా కాదు, రాత్రంతా. నువ్వు కలిపిన ఉప్పు తన పని తను చేసుకుపోయింది. అంతటితో ఆగినా బావుండేది, ఆ నీళ్లు వంపేసి గట్టిది వాడుకునేదానివి. "కలిసిపోతుందిలే పెద్దమ్మా" అని మిక్సీలో వేశావు. వడకట్టిన పెరుగుకి చిక్కదనం దాని పేరుకున్న అల్లికలో ఉంటుంది. బ్లేడు ఆ అల్లికని తెంపేస్తుంది. రెండు తిప్పులకే గరిటె జారుగా అయింది, మూడోదానికి మజ్జిగ. తర్వాత శనగపిండి కలుపుతానన్నావు! పచ్చి శనగపిండి! ఆ రోజు మీ పెదనాన్న నవ్వినందుకు నీ కళ్లలో నీళ్లు తిరిగాయి, నాకు ఇప్పటికీ బాధే. కానీ అమ్మలూ, ఆ పూట ఎవరూ నీకు కారణం చెప్పలేదు. అందుకే ఇప్పుడు ఇంత పొడుగున రాస్తున్నాను.

కీరాని గింజల భాగం తీసేసి తురుము. ఒక్కో పెద్ద కీరాకి అర టీస్పూను ఉప్పు చల్లి 15 నిమిషాలు ఆగు. పిడికెడు పిడికెడు తీసుకుని గుడ్డలో పిండు. మొదటి పిండుడుకి ధారగా కారుతుంది, రెండోదానికి బొట్లుబొట్లుగా, మూడోసారి పిండాక తురుము విడివిడిగా రాలాలి. అప్పటిదాకా వదలకు. దాన్ని పెరుగులో కలిపేది ఆదివారం, వడ్డనకి గంట ముందు. మిక్సీని అటక ఎక్కించు, చెంచా చాలు.

400 గ్రాముల ముద్దకి పిండిన కీరా ఒకటి, పప్పునూనె ఒక టేబుల్‌స్పూను, వేయించిన జీలకర్ర పొడి అర టీస్పూను, మిరియాల పొడి పావు, సన్నగా తరిగిన కొత్తిమీర రెండు టేబుల్‌స్పూన్లు. కొత్తిమీర కడిగాక గుడ్డ మీద ఆరబెట్టు, తడి ఆకు కూడా నీళ్లే. వెల్లుల్లి ఒక చిన్న రెబ్బ చాలు. దంచి టీస్పూను నిమ్మరసంలో పది నిమిషాలు ఉంచితే ఘాటు తగ్గుతుంది. లేకపోతే డిప్‌లో గంటగంటకీ పెరుగుతూ, సాయంత్రానికి వెల్లుల్లి తప్ప మరో రుచి తెలియదు. ఉప్పు రుచి చూశాకే వెయ్యి, కీరాలో కొంత ఉంటుంది కదా. ఇదే లెక్కన మిగతా 800 గ్రాములకీ.

శాండ్‌విచ్‌లకి కావలసినంత ముందే విడిగా తీసిపెట్టు, ఆ భాగంలో కీరా వద్దు. రెండు టీస్పూన్ల పుట్నాల పొడి కలుపు, మిగిలిన తడి అది పీల్చేస్తుంది. బ్రెడ్డుకి ముందు వెన్న పల్చగా రాయి, ఆ పైన డిప్. టమాటా ముక్కలు గుడ్డతో ఒత్తి పెట్టు. జీడిపప్పు ముద్ద కలిపితే ఇంకా కమ్మగా ఉంటుందని ఎవరైనా అంటారు. పడని పిల్లలుంటారు, తల్లులని అడగకుండా వెయ్యకు.

క్యారెట్టు విషయంలో నా మాట వినాలి. నాలుగేళ్లలోపు పిల్లలకి పచ్చి క్యారెట్టు పుల్లలు ఇవ్వకు, గొంతులో అడ్డం పడుతుంది. వాళ్లకి ఆవిరి మీద వేలితో నొక్కితే చితికేలా ఉడికించి ఇవ్వు. పరుగెడుతూ తినేవాణ్ణి పట్టుకుని కూర్చోబెట్టు, వాళ్లమ్మ ఏమనుకున్నా సరే.

అందరికీ ఒకే గిన్నె పెట్టకు, కొరికిన ముక్కే మళ్లీ ముంచుతారు. చిన్న కప్పుల్లో అడుగున రెండు చెంచాల డిప్ వేసి, ముక్కలు నిలబెట్టి ఇవ్వు. కప్పుల ట్రే కింద మరో ట్రేలో ఐసు పెట్టుకో. ఎండ 32 డిగ్రీలు దాటితే పాల సరుకు బయట గంటకి మించి ఉండకూడదు. మీ ఊళ్లో సాయంత్రం అయిదింటికి కూడా అంతకన్నా ఎక్కువే. కొన్ని కప్పులు బయటికి తే, మిగతావి ఫ్రిజ్‌లోనే ఉండనీ. బయట గంట దాటి ఉన్నవి పారెయ్యి, నీ పొదుపు బుద్ధి నాకు తెలుసు, వాటిని తిరిగి ఫ్రిజ్‌లో పెట్టకు.

వడకట్టిన నీళ్లు లీటరున్నర పైనే మిగులుతాయి. చపాతీ పిండి దాంతో కలుపు, మెత్తగా వస్తాయి. మల్లుగుడ్డ నీ దగ్గర లేకపోతే శుక్రవారంలోగా చెప్పు, మీ పెదనాన్నతో పంపిస్తాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ