పేక అంటే ముక్కలేనా?

ప్రశ్న: నమస్తే సార్. మాది భువనగిరి దగ్గర పల్లె. నాయన, తాత మగ్గం నేసేవాళ్లు, నేను పంతులుగా చేసి రిటైరయ్యాను. పదేళ్ల నుంచి నేతపని మాటలు రాసుకుంటున్నాను. పేక (అడ్డంగా నేసే నూలు), ఆసు (నూలు చుట్టే చట్రం), కండె (నూలు చుట్టిన పుల్ల), అచ్చు (దువ్వెనలా ఉండి నూలును సర్దేది), నాడె (పేకను అటూ ఇటూ తీసుకెళ్లేది) ఇలాంటివి, నాలుగు లాంగ్ నోట్‌బుక్కులు నిండాయి. సాఫ్ట్‌వేర్‌లో ఉన్న మా అన్న కొడుకు "కాకా, ఇవన్నీ ఫోటోలు తీసి ఏఐకి ఇస్తే వారంలో నిఘంటువు చేతికొస్తది" అంటున్నాడు. నమ్మొచ్చా?

జవాబు: సగం నమ్మొచ్చు సార్. ఏ సగమో తేల్చుకోకుండా మొదలుపెడితే మాత్రం పదేళ్ల కష్టం బూడిదలో పోసినట్టే, అందుకే కొంచెం విడమరిచి చెబుతాను.

నిఘంటువు పనిలోకి కంప్యూటర్ రావడం కొత్తేమీ కాదు. 1987లో వచ్చిన కోబిల్డ్ అనే ఇంగ్లీషు నిఘంటువును, బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో లక్షల మాటల పాఠం కంప్యూటర్లోకి ఎక్కించి, జనం ఏ మాటను ఎలా వాడుతున్నారో చూసి కట్టారు. ఇప్పుడైతే చిత్తుప్రతి కూడా యంత్రమే రాస్తోంది. ఫిలిప్పీన్స్‌లో మాట్లాడే తగలోగ్ భాషకి ఇంగ్లీషు, కొరియన్ అర్థాలతో ఒక నిఘంటువును దాదాపు శూన్యం నుంచి ఇలాగే కట్టుకొచ్చి, ఆ పద్ధతిని 2019లో వివరించారు. ఇంటర్నెట్‌లో దొరికిన పాఠమంతా పోగేసి, ఏ మాట ఎన్నిసార్లు వచ్చింది, దాని పక్కన ఏ మాటలు వచ్చాయి, మంచి ఉదాహరణ వాక్యం ఏది అన్నది యంత్రం తేల్చి పెడుతుంటే, ఆ భాష మాట్లాడేవాళ్లు కూర్చుని దిద్దుకుంటూ పోయారు. ఏళ్లు పట్టే పని చాలా తగ్గింది, నిజమే.

ఇప్పుడు ఇదే పని మీ మాటలతో చేద్దాం. తెలుగు పేపర్లు, వెబ్‌సైట్లు అన్నీ పోగేసి "పేక" పక్కన ఏముందో చూడమంటే ముక్కలు, శిబిరం, పోలీసులు, అరెస్టు అంటుంది. "ఆసు" పక్కన ఇస్పేటు, రాజు, రాణి. మీ తాతగారి మగ్గం గుంట కాస్తా పేకాట క్లబ్బు అయి కూర్చుంటుంది! కండె అంటే మొక్కజొన్న, అచ్చు అంటే పుస్తకాలు, కాకపోతే హల్లుల పక్కనుండే అచ్చులు. నాడె సంగతి చెప్పనే అక్కర్లేదు, అచ్చుతప్పనుకుని "నాడు" అని దిద్దేసినా దిద్దేస్తుంది. పాపం దాని తప్పు కాదు, అది చదివిన కాగితాల్లో మగ్గం లేదు. (మనం మాత్రం తక్కువా, "ఆసులో కండెలా తిరుగుతున్నాడు" అని రోజూ అంటాం, ఆసు ఎట్లుంటుందో చూసినవాళ్లు మా ఆఫీసులో ఒక్కరూ లేరు.)

ఏఐతో ఇంకో చిక్కుంది. తెలియని మాట అడిగితే తెలియదని ఊరుకోవడం దానికి సరిగా చేతకాదు. నామవాచకం, చేనేత పరికరం, ఫలానా చెక్కతో చేస్తారు అని పండితుడిలా రాసేస్తుంది, చదివితే నిజమే అనిపిస్తుంది. అర్థాలు దానితో రాయించకండి. అర్థం మీ నోట్‌బుక్కులోంచే రావాలి, మీ దగ్గర లేకపోతే నేసేవాళ్ల నోట్లోంచి రావాలి, అక్కడా లేకపోతే ఖాళీగా వదిలేయండి.

మరి అన్న కొడుక్కి ఏం పని చెప్పాలి? చాలా ఉంది. ముందు ఎక్కించడం. అచ్చు పుస్తకం ఫోటో తీస్తే యంత్రం బాగానే చదువుతుంది కానీ చేతిరాతలో వత్తుల దగ్గర తడబడుతుంది, కాబట్టి ఫోన్‌లో మైకు నొక్కి మీరే చదివి, తర్వాత ఓపిగ్గా దిద్దుకోవడం మేలు. ఒకే గడిలో అన్నీ కుక్కకుండా మాట ఒక గడి, అర్థం ఒకటి, చెప్పినవాళ్ల ఊరు ఒకటి, వాళ్లు అన్న వాక్యం ఒకటి, పనిలో ఏ దశలో వాడతారో ఒకటి, ఇలా విడగొట్టండి. ఈ ఒక్క పని సరిగ్గా జరిగితే తక్కినదంతా నిజంగానే యంత్రం చేస్తుంది: రెండుసార్లు రాసినవి పట్టుకోవడం, ఇది చూడు అది చూడు అని లంకెలు వేయడం, అర్థం నుంచి మాటకి వెనక్కి వెళ్లే సూచిక తయారుచేయడం. దీనికి ఫీల్డ్‌వర్క్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, దానిలోంచి తీసిన సమాచారంతో ఫోన్ యాప్ కూడా కట్టుకోవచ్చు. అక్షరక్రమం దగ్గర మాత్రం జాగ్రత్త, కంప్యూటర్లో ఒక్కో అక్షరానికి ఉండే యూనికోడ్ సంఖ్యల వరుసలో పేర్చితే ఱ వచ్చి ర పక్కన కూర్చుంటుంది, ళ కాస్తా వ కంటే ముందొస్తుంది, మన వర్ణమాల అది కాదు కదా.

ఇంకోటి. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తిగారి ఆధ్వర్యంలో వచ్చిన మాండలిక వృత్తి పదకోశాల్లో మొదటిది (1962) వ్యవసాయం, రెండోది (1971) చేనేత. ఆ రెండోది సంపాదించి మీ జాబితాతో పోల్చి చూడండి. అందులో లేనివి మీ దగ్గర ఎన్ని ఉన్నాయో అవే అసలు సరుకు. వాటిని ముందు ముసలివాళ్ల గొంతుతో రికార్డు చేయించండి, టైపింగ్ తర్వాతైనా అవుతుంది.

ప్రశ్న: ఫోన్ నిఘంటువులో "చెప్పించుకోలేకపోయింది" అని కొడితే లేదంటోంది. ఇంగ్లీషులో "వెంట్" అని కొడితే "గో" చూపిస్తుంది కదా, మనకెందుకు రాదు? (డిగ్రీ విద్యార్థిని, తెనాలి)

జవాబు: ఇంగ్లీషు క్రియకి నాలుగైదు రూపాలమ్మా, వాటిని జాబితాగా రాసి పెట్టుకున్నా సరిపోతుంది. మన "చెప్పు"కి ఇంచు, కొను, లేక, పోవు తగిలించి, ఆపైన కాలం, లింగం, వచనం కలిపితే రూపాలు వేలల్లోకి పోతాయి, వాటికి సంధులు కూడా తోడు. అన్నిటినీ రాయలేరు గనక విడగొట్టే ప్రోగ్రాం కావాలి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనూ ట్రిపుల్ ఐటీలోనూ ఈ పని చేశారు, చేస్తున్నారు, కానీ మీ ఫోన్‌లోని యాప్‌లో అది ఉండకపోవచ్చు. విడగొట్టాక కూడా పేచీ తీరదు. "పాడి" అంటే పాట పాడి అనా, పాడి గేదె అనా? పక్క మాట చూస్తే గానీ తేలదు. అంతవరకూ "చెప్పు" అని వెతుక్కోండి, కాళ్లకి వేసుకునేది కూడా వస్తుంది, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: మా సంఘం ఇరవై ఏళ్ల కిందట అచ్చేసిన పదకోశం పేజ్‌మేకర్ ఫైలుగా సీడీలో ఉంది. తెరిస్తే అంతా పిచ్చి అక్షరాలు. టైపు మళ్లీ చేయించాలా?

జవాబు: అక్కర్లేదు. అది "అను" అనే పాత తెలుగు ఫాంటులో చేసి ఉంటారు, అందులో తెలుగు అక్షరానికి బదులు దాని ముక్కల బొమ్మలకి ఇంగ్లీషు సంకేతాలు ఉంటాయి. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు దొరుకుతాయి. మార్చాక వత్తులూ, అరుదైన సంయుక్తాక్షరాలూ ఒకసారి అచ్చు పుస్తకంతో సరిచూడండి, ఎగిరిపోయేవి ఎక్కువగా అవే. సీడీని మాత్రం ఇవాళే హార్డ్ డిస్కులోకి కాపీ చేయండి, మా ఇంట్లో అలాంటివి రెండు తెరుచుకోవడం మానేశాయి.