పరిచర్యకు పేరిచ్చే ముందు

బాబూ, ప్రభువు నామంలో వందనాలు.

ఉజ్జీవ సభల చివరి రాత్రి సంఘ పరిచర్యలో నాలుగు పనులకు పేరిచ్చావని పాస్టరుగారు చెప్పారు. సంతోషం. అందులో మూడు కొట్టించెయ్. ఒక్కటే ఉంచుకో, అదీ ఒక్క ఏడాదికే. జనవరి నుంచి డిసెంబరు వరకని పెద్దలతో ముందే చెప్పు. గడువు పెట్టుకోని మనిషి పని మధ్యలో వదిలేస్తాడు, ఆ సిగ్గుతో ఆరాధనకే రావడం మానేస్తాడు.

నువ్వు చేసిన పనికి ఇంకొకరి పేరు చదివారనుకో, పై ఆదివారం మళ్లీ వస్తావా? రానని మనసు చెబితే ఇప్పుడే ఆగిపో. పాస్టరుగారి కోసం మొహమాటపడి ఒప్పుకున్నా అంతే, ఊడ్పులు వచ్చేసరికి సాకు దొరుకుతుంది.

ప్రసంగం రాదని చిన్నబుచ్చుకోకు. 1836లో మన దేశానికి వచ్చి, ఆనక నరసాపురంలో పరిచర్య మొదలుపెట్టిన ఇద్దరు మిషనరీల్లో బౌడెన్ రాతిపనివాడు, బీర్ చెప్పులు కుట్టేవాడు. నీకు లెక్క వచ్చు. కానుకల లెక్క తీసుకో.

సంచి విప్పేటప్పుడు ఇద్దరుండాలి, ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కాకూడదు. మందిరంలోనే, జనం ఇంకా ఉండగానే లెక్కపెట్టండి. అయిదువందలెన్ని, వందలెన్ని, చిల్లరెంత, విడివిడిగా రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. పేరు రాసిన కవర్లు వేరే పేజీలో. సోమవారం బ్యాంకులో వేసి చీటీ పుస్తకానికి అంటించు. ‘రేపిచ్చేద్దాం’ అని అందులోంచి పది రూపాయలు కూడా తియ్యకు. పౌలంతటివాడే చందా సొమ్ము ఒక్కడూ మొయ్యలేదు, ఎవరూ వేలెత్తి చూపకుండా తోడు మనుషుల్ని పెట్టుకున్నాడు. రెండో కొరింథీ 8వ అధ్యాయం చదువు.

మన వైపు డబ్బుకంటే తిండిగింజలు, కాయలతోనే చిక్కు. సంఘానికి కానుకగా పిడికెడు బియ్యం తెచ్చే ఆడవాళ్లు ఏ రకం ఉంటే అది తెస్తారు. పాతా కొత్తా ఒకే డబ్బాలో పోస్తే, వండినప్పుడు కొత్తవి ముద్దయిపోతాయి, పాతవి పలుకుంటాయి. రెండు డబ్బాలు పెట్టు. వానాకాలంలో పురుగు పడుతుంది కాబట్టి నెల దాటి నిల్వ ఉంచకు, తూచి రాసుకుని పంచెయ్.

కోతల పండుగకు కానుకగా వచ్చిన వస్తువుల వేలంలో గొడవ ఎప్పుడూ ఒక్కచోటే: కొబ్బరి గెలో, కోడిపుంజో హుషారులో హెచ్చుపాట పాడేసి, డబ్బు తర్వాత ఇస్తామంటారు. వస్తువు, పాడినవారి పేరు, మొత్తం అక్కడికక్కడే రాసి సంతకం తీసుకో. బాకీ అడగడానికి మాత్రం నువ్వు వెళ్లకు, పెద్దల్లో ఒకరిని పంపించు. కుర్రాడు గుమ్మంలో నిలబడి అడిగితే ఆ కుటుంబం వేరే సంఘానికి వెళ్లిపోవచ్చు.

మీది వ్యవసాయపు ఇల్లు. జూలై, ఆగస్టుల్లో సార్వా (వానాకాలపు వరి) ఊడ్పులు, నవంబరు, డిసెంబరుల్లో కోతలు, వెంటనే దాళ్వా (రెండో పంట వరి) నాట్లు, ఏప్రిల్లో మళ్లీ కోతలు. ఆ ఆదివారాలకు నీ బదులు కూర్చునే మనిషికి ఇప్పటినుంచే పని నేర్పు. పుస్తకం నీకొక్కడికే అర్థమయ్యేలా రాశావంటే సంఘానికి సాయం చేసినట్టు కాదు, నీ మీద ఆధారపడేట్టు చేసుకున్నట్టు. నాకది నచ్చదు.

ఇంట్లో అమ్మతో కూడా మాట్లాడు. ఆదివారం మధ్యాహ్నం భోజనానికి గంట ఆలస్యమవుతుందని ఆవిడకు తెలియాలి. మానుకోవలసి వస్తే నెల ముందు చెప్పి, లెక్క అప్పగించి సంతకం తీసుకుని మరీ మానుకో.

ఆ మూడు పనుల్లో నీ పేరు కొట్టించేశాక శనివారం కమిటీకి రా.