పతకం రాని జట్టులోని అమ్మాయికి ఒలింపిక్స్ వాలీబాల్‌లో ఉత్తమ క్రీడాకారిణి అవార్డు ఎలా ఇచ్చారు?

మీరు అడిగింది 2012 లండన్ ఒలింపిక్స్ గురించి. ఆమె దక్షిణ కొరియాకు చెందిన కిమ్ యోన్ క్యోంగ్. కాంస్యం కోసం జరిగిన మ్యాచ్‌లో కొరియా జపాన్ చేతిలో ఓడి నాలుగో స్థానంతో సరిపెట్టుకుంది. అయినా టోర్నీ మొత్తంలో 207 పాయింట్లతో టాప్ స్కోరర్ కిమ్మే.

192 సెంటీమీటర్ల ఎత్తు ఉంది కాబట్టి స్మాష్ గట్టిగా కొట్టడంలో వింత లేదు. నాకు నచ్చేది ఆమె రిసీవింగ్, అంటే అవతలి జట్టు కొట్టిన బంతిని కింద పడకుండా అందుకోవడం. స్కూల్లో పొట్టిగా ఉండటంతో మొదట డిఫెన్సే బాగా నేర్చుకుంది, ఎత్తు పెరిగింది తర్వాతే!

2005లో సొంత దేశంలోని పింక్ స్పైడర్స్ క్లబ్‌తో మొదలుపెట్టి జపాన్, టర్కీ, చైనా లీగుల్లో ఆడింది. 2012లోనే టర్కీకి చెందిన ఫెనర్‌బాచే క్లబ్‌తో యూరప్ ఛాంపియన్స్ లీగ్ గెలిచింది. 2025లో పింక్ స్పైడర్స్‌కే టైటిల్ అందించి రిటైరైంది. ఒలింపిక్ పతకం మాత్రం దక్కలేదు. టోక్యోలోనూ నాలుగో స్థానమే.