పాప గుర్తింపు వివరాలు: ఫోటోతో మొదలుపెట్టండి

మూడేళ్ల పాప ఎప్పుడైనా తప్పిపోతే వెతకడానికి పనికొచ్చేలా గుర్తింపు వివరాలు సిద్ధం చేసుకోవాలి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదన్నారు కదండీ. ముందు ఫోటో. ఫిల్టర్లు లేకుండా, జుట్టు కళ్ల మీద పడకుండా, ముఖం నేరుగా ఒకటి, పక్కనుంచి ఒకటి. ఈ వయసులో పోలికలు త్వరగా మారతాయి కాబట్టి ఆరు నెలలకోసారి కొత్తవి తీసి, ఎత్తూ బరువూ అప్పుడే రాసేయండి.

పుట్టుమచ్చను దగ్గరగా ఫోటో తీసి ‘ఎడమ మోచేతి కింద, కందిగింజంత’ అని రాయండి. ఉత్తినే ‘చేతి మీద మచ్చ’ అంటే వెతికేవాళ్లకు పెద్దగా పనికిరాదు. బ్లడ్ గ్రూప్, అలర్జీలు, వాడే మందులు, ముద్దుపేరు కూడా ఉండాలి. పాప వాడిన టూత్‌బ్రష్‌ను బాగా ఆరబెట్టి కాగితం కవర్లో దాచండి, ప్లాస్టిక్‌లో అయితే తేమ నిలిచి, దాని మీద ఉండే, గుర్తింపుకు పనికొచ్చే డీఎన్‌ఏ పాడవుతుంది.

రద్దీ చోటికి బయల్దేరే ముందు ఆ రోజు బట్టల్లో ఒక ఫోటో తీయండి, కంగారులో గౌను రంగు కూడా గుర్తురాదు. ఫైలు ఇంట్లో, కాపీ మీ ఫోన్లో ఉంచుకోండి, ఆన్‌లైన్‌లో మాత్రం పెట్టకండి.