తొమ్మిదేళ్లుగా సాగు మీది, ఈ-క్రాప్‌లో పేరు ఎవరిది?

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా. తొమ్మిదేళ్లుగా 3 ఎకరాలు కౌలుకు తీసుకుని మిర్చి వేస్తున్నాను. అంతా నోటి మాటే, కాగితం లేదు. పాస్‌బుక్ లేనిదే లోన్ రాదని బ్యాంకులో తిప్పి పంపారు. భూమి యజమాని హైదరాబాద్‌లో ఉంటారు. ఆయన కొడుకు వచ్చి ఈ-క్రాప్‌కు (ప్రభుత్వ పంట నమోదుకు) వేలిముద్ర వేసి వెళ్తాడు. బోరు కోసం యజమానికి నేనే 80 వేలు ప్రామిసరీ నోటు మీద ఇచ్చి రెండేళ్ల పది నెలలైంది. 5 వేలు ఇస్తే యజమాని సంతకంతో పాత తేదీ అగ్రిమెంట్ తయారు చేయిస్తానని ఒకాయన అంటున్నాడు. చేయించుకోవచ్చా? క్రాప్ లోన్, డ్రిప్ సబ్సిడీ మాకు వస్తాయా?

జవాబు: మీరు మాటల మధ్యలో దాటేసిన వాక్యం ఒకటుంది. ఈ-క్రాప్‌కు యజమాని కొడుకు వేలిముద్ర వేస్తున్నాడని. మీ వ్యవహారమంతా అక్కడే ఉంది. తొమ్మిదేళ్లు ఎండలో నిలబడి పంట తీసింది మీరు, ప్రభుత్వ రికార్డులో సాగుదారు ఆయన. సీజన్ సీజన్‌కూ మీ కళ్ల ముందే జరుగుతుంటే ఊరుకోవడం మీ తప్పే.

బ్యాంకు చెప్పింది పూర్తిగా నిజం కాదు. కిసాన్ క్రెడిట్ కార్డు పథకంలో కౌలు రైతులు, నోటి మాట మీద కౌలు చేసేవాళ్లు కూడా అర్హులే. 2025 జనవరి 1 నుంచి 2 లక్షల వరకు తాకట్టు అడగకూడదు. 3 లక్షల వరకు పంట రుణానికి వడ్డీ 7 శాతం, గడువులోగా కడితే 4 శాతమే పడుతుంది. అయితే సాగు మీదేనని బ్యాంకుకు రుజువు కావాలి. ఎరువుల షాపులో మీ పేరున రాసిన బిల్లులుంటే ఒక్కటీ పారేయకండి.

అసలు రుజువు మాత్రం కౌలు కార్డు. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం కింద 11 నెలల గడువుతో ఇస్తారు, యజమాని సంతకం ఉండాలి. సంతకం పెడితే భూమి పోతుందేమోనని యజమానుల భయం. ఆ కార్డు పంట మీదే తప్ప భూమి మీద ఏ హక్కూ ఇవ్వదు. ఆ మాట వీఆర్వో చేత ఆయనకు చెప్పించండి. గడువు తీరిన కార్డు పనికిరాదు కాబట్టి ఏటా కొత్తది తీసుకోవాలి. ఆయన ససేమిరా అంటే, మీలాంటి కౌలు రైతులు 4 నుంచి 10 మంది కలిసి జాయింట్ లయబిలిటీ గ్రూప్‌గా, అంటే అప్పుకు ఒకరికొకరు పూచీ ఉండే బృందంగా, బ్యాంకుకు వెళ్లండి.

ఈ సీజన్‌లో పంట నమోదుకు రైతు సేవా కేంద్రానికి మీరే వెళ్లి, మీ వేలిముద్ర వేసి రసీదు తీసుకోండి. సోషల్ ఆడిట్‌కు, అంటే ఊళ్లో అందరూ చూసి తప్పులు చెప్పడానికి, జాబితా అంటించినప్పుడు మీ సర్వే నంబరు ఎదురుగా ఎవరి పేరుందో చూడండి. తప్పుంటే అభ్యంతరం రాసిచ్చి, కాపీ మీద ముద్ర వేయించుకోండి. బ్యాంకు మళ్లీ కాదంటే కారణం రాతపూర్వకంగా అడగండి. 30 రోజుల్లో సమాధానం రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు.

డ్రిప్‌కు 11 నెలల కార్డు చాలదు. కౌలు భూమికి కనీసం ఏడేళ్ల ఒప్పందం అడుగుతారు, ఏడాది దాటిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అంతకంటే యజమాని చేతే దరఖాస్తు పెట్టించడం తేలిక. సన్నకారు, చిన్నకారు రైతులకు కేంద్ర పథకంలో 55 శాతం సబ్సిడీ ఉంది.

పాత తేదీ అగ్రిమెంట్ జోలికి మాత్రం వెళ్లొద్దు. యజమాని పెట్టని సంతకంతో కాగితం పుట్టిస్తే అది ఫోర్జరీ, దాన్ని బ్యాంకులో చూపించి లోన్ తీసుకుంటే మోసం. భారతీయ న్యాయ సంహితలో 336, 318 సెక్షన్లు దీనికే ఉన్నాయి. స్టాంపు పేపరు వెనక అమ్మిన తేదీ ఉంటుంది, అది చూస్తే చాలు బండారం బయటపడుతుంది. 5 వేలు తీసుకున్నాయన అప్పటికి కనపడడు, కేసు మీ మీద ఉంటుంది.

ఇక ఆ నోటు. అన్నింటికంటే తొందర అక్కడే, మీరేమో దాన్ని మాటల్లో మాటగా రాశారు. రాసిన తేదీ నుంచి మూడేళ్లకు దానికి కాలదోషం పడుతుంది, అంటే ఆ తర్వాత దాని మీద కోర్టులో వసూలు చేసుకోలేరు. మీకున్నది రెండు నెలలు. ఫోన్‌లో ‘ఇస్తాలే’ అంటే సరిపోదు. కనీసం వెయ్యి రూపాయలైనా కట్టించుకుని, నోటు వెనక తేదీ వేసి ఆయన సంతకంతో చెల్లు రాయించుకోండి. అక్కడి నుంచి మళ్లీ మూడేళ్లు లెక్క. ఆయన తప్పించుకుంటే వెంటనే లాయరు నోటీసు పంపండి, నోటీసుతో గడువు పెరగదు కాబట్టి ఆ రెండు నెలల్లోపే కోర్టులో దావా వేయాలి.